ఎంగిలెరుగని మరచెంబు

నేను ఒక మరచెంబును. మామూలు చెంబును కాదు, మూతికి మర ఉన్నదాన్ని. మూత బిగిస్తే తలకిందులుగా వేలాడదీసినా చుక్క జారదు. ఈ కాలం పిల్లలు నన్ను చూసి ఇది పూలకుండీనా అని అడుగుతున్నారు గనుక ముందే చెప్పేస్తున్నాను. రైళ్లూ బస్సులూ ఎక్కే ప్రతి ఇంట్లోనూ ఒకప్పుడు నావంటిది ఒకటి ఉండేది. ప్లాస్టిక్ సీసాలు వచ్చాక మావాళ్లందరూ కరిగిపోయి గంటలూ కుళాయిలూ అయ్యారు. నేను మిగిలాను. నా గొప్పతనం చూసి దాచుకున్నారనుకునేరు. పాత సామాన్ల కొట్టుదాకా నన్ను మోసుకుపోవడానికి ఎవరికీ ఓపిక లేక మిగిలాను.

నా బరువు సంగతి ఇక్కడే తేల్చాలి. నన్ను చేసినవాడు ప్రొద్దుటూరులో వీరాచారి అనే కంచరి. కాశీ ప్రయాణం కోసం చేయించుకున్నది అశ్వత్థమ్మ. ఆమె కొట్టు ముందు పీట వేసుకుని కూర్చుని, "రేకు పలచగా వేసినావంటే నీ ముందరే తొక్కి చూస్తా" అంది. ఆయన భయపడి దళసరి రేకు తీశాడు. దాంతో నేను నిండుగా ఉన్నా, సగమున్నా, ఖాళీగా ఉన్నా ఎత్తిన చేతికి పెద్దగా తేడా తెలియకుండా పోయింది. లోపలికి తొంగి చూద్దామంటే మెడ సన్నం, కడుపంతా చీకటి. అశ్వత్థమ్మ దానికొక ఉపాయం కనిపెట్టింది. వేలి కణుపుతో నన్ను అడుగునుంచి పైకి తట్టుకుంటూ వచ్చేది. నీళ్లున్నంత మేరా మొద్దుగా పలుకుతాను, నీళ్లు లేనిచోట ఖంగుమంటాను. ఇంటి నుంచి కాశీదాకా, కాశీ నుంచి ఇంటిదాకా ఆమె నన్ను తట్టుకుంటూనే పోయి వచ్చింది.

రెండో సంగతి ఎంగిలి. ఆమె ఉన్నన్నాళ్లూ నా అంచుకు ఒక్క పెదవి కూడా ఆనలేదు. తల వెనక్కి వాల్చి, నన్ను జానెడు ఎత్తున పట్టుకుని, గొంతులోకి ధార పోసుకునేది. బస్సు గుంతలో పడ్డా ధార తప్పేది కాదు. రైల్లో ఎదురుగా కూర్చున్న ఒకావిడ దాహమంటే దోసిట్లో ధారాళంగా పోసింది గానీ నన్ను మాత్రం చేతికివ్వలేదు. మనవడు ఓబులేసుకూ మనవరాలు హైమావతికీ ఈ విద్య ఆమే నేర్పింది. ఓబులేసు ఆమె కూతురి కొడుకు, హైమావతి కొడుకు కూతురు. ఇద్దరిలో ఎవరైనా పొరపాటున నోరు ఆనించబోతే తొడపాశం పెట్టేది. చూసి చూసి నాకూ గర్వం తలకెక్కింది. అలమరలో పక్కనే ఉండే స్టీలు గ్లాసుల మూతులు రోజూ నలుగురి నోళ్లలో నానుతుంటే వాటితో పలకరింపు కూడా నాకు ఇష్టముండేది కాదు.

అశ్వత్థమ్మ పోయేముందు ఆ బావకూ మరదలికీ పెళ్లి చేసింది. నన్ను హైమావతికి ఇచ్చింది. హైమావతి నన్ను భక్తిగా అటకమీద పెట్టింది, కొన్నేళ్లకు కిందికి దించి వంటింటి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డంగా పెట్టింది. కాశీ చూసివచ్చినదాన్ని తలుపుకు కాపలా పెట్టడం మనుషులకే చెల్లింది. తలుపు మాత్రం కదలలేదు, అది వేరే విషయం.

మొగుడూ పెళ్లాలిద్దరూ సర్కారు బడిలో టీచర్లు. ఆయన సోషలు, ఆమె లెక్కలు. ఆయన ఒక మండలంలో, ఆమె ఇంకో మండలంలో. ఆయన శనివారం సాయంత్రం వచ్చేవాడు, సోమవారం తెల్లారి బస్సెక్కేవాడు. ఏళ్లతరబడి అదే కాపురం. ఆదివారం పూట ఇద్దరూ బట్టలుతుక్కుని, దోశలు తిని, వచ్చే వారానికి ఏం కొనాలో మాట్లాడుకుని నిద్రపోయేవాళ్లు. ట్రాన్స్‌ఫర్ కోసం వాళ్లు ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. చివరికి ఇద్దరికీ ఒకే ఊళ్లో పోస్టింగు పడింది. అప్పుడు ఓబులేసు పెళ్లప్పటి మాట ఒకటి బయటికి తీశాడు.

కొత్తపెళ్లికొడుకుగా ఉన్నప్పుడు ఆమెకు నక్కలగండి చూపిస్తానన్నాడట. నక్కలగండి అంటే ఎర్రవంక కొండను కోసుకుంటూ పారిన లోయ. రెండు పక్కలా నాపరాళ్లు పేర్చినట్టు ఎర్ర బండలు, మధ్యలో ఇసుక. ఇన్నేళ్లూ వేసవి సెలవులు వచ్చినప్పుడల్లా ఏదో ఒక డ్యూటీ అడ్డం పడింది. ఒకేడు ఎన్నికలు, ఒకేడు జనాభా లెక్కలు, మిగతా ఏళ్లు పరీక్ష పేపర్లు దిద్దడం. ఈ వేసవిలో ఏ డ్యూటీ లేదు. ఎవరో తెల్లవాళ్లు వీపుమీద సంచులు కట్టుకుని ఎడారి లోయల్లో నడుస్తుంటే ఓబులేసు ఫోన్లో చూసి, "మనకు మాత్రం లేదా లోయ" అన్నాడు. వేసవిలోనే ఎందుకు అని మీరు అడగవచ్చు. టీచర్లకు సెలవులు వేసవిలోనే ఇస్తారు. ఎడారుల పాఠం ఏటేటా చెప్పే మనిషికి మే నెలలో ఎండ ఉంటుందని తెలియదా అంటే, తెలుసు. పాఠం వేరు, సెలవులు వేరు.

ఇద్దరికీ ఒంట్లో చెరొక లోపముంది. పోయిన ఏడాది ఎన్నికల డ్యూటీలో హైమావతికి వడదెబ్బ తగిలి, పోలింగు బూత్‌లోనే పడిపోయింది. ఇంకోసారి ఇలా అయితే తట్టుకోవడం కష్టమని ఆసుపత్రిలో చెప్పారు. ఓబులేసుకు మూత్రపిండంలో రాయి. నీళ్లు తగ్గాయా, నడుం పట్టుకుని చుట్టచుట్టుకుపోతాడు. అందుచేత సంచులు సర్దుకుంటున్నప్పుడే ఒకరి సంగతి ఒకరు మనసులో పెట్టుకున్నారు. తాను ఉన్నా లేకపోయినా ఈ మనిషికి నీళ్లు తక్కువ కాకూడదు అని ఆయనా అనుకున్నాడు, ఆమె కూడా అనుకుంది. పైకి మాత్రం ఇద్దరూ చింతకాయ పచ్చడి గురించే మాట్లాడుకున్నారు.

నేనెలా ఈ ప్రయాణంలో పడ్డానో చెప్పాలి. కొత్త సంచితో పాటు ఒక రబ్బరు తిత్తి వచ్చింది. దాంట్లో నీళ్లు పోసి వీపున వేసుకుంటే ఒక గొట్టం భుజం మీదుగా నోటిదాకా వస్తుంది. నడుస్తూనే తాగవచ్చు. హైమావతి ఆ గొట్టం కొసను చాలాసేపు చూసింది.

"దీన్ని నోట్లో పెట్టుకొని చీకాల్నా? నువ్వు చీకింది నేను, నేను చీకింది నువ్వు?"

"లోకమంతా అట్లనే తాగుతాండారు హైమా."

"తాగనీ. జేజి పైనుంచి సూస్తాంటాది."

జేజి అంటే వాళ్ల అవ్వ అశ్వత్థమ్మే. తిత్తి ఇంట్లో ఉండిపోయింది. తలుపు దగ్గరనుంచి నన్ను తీసి, చింతపండుతో తోమి, మెడదాకా నింపారు. ఆయన సంచి పక్క జేబులో నన్ను దోపితే సంచి ఒక పక్కకు ఒరిగిపోయింది. దాన్ని సరిచేయడానికి రెండో పక్కన బియ్యం పెట్టారు. రెండు ప్లాస్టిక్ క్యాన్లలో వేరే నీళ్లు పట్టారు. "చెంబులోవి ఆఖరుకు" అని హైమావతి చెప్పింది.

ఖాసీం అనే ఆటో అతను మమ్మల్ని గండి పైకొస దగ్గర దించాడు. మర్నాడు సాయంత్రం కిందికొసన గండిమిట్ట ఊళ్లో ఎదురుచూస్తానన్నాడు. ఇంత ఎండలో లోపల ఏముంది సార్ అని అడిగితే ఓబులేసు భూగోళశాస్త్రం మొదలుపెట్టాడు. ఖాసీం మధ్యలోనే ఆటో స్టార్టు చేసుకున్నాడు.

మొదటిరోజు నిజంగా బాగుంది. బండల రంగు పూటపూటకూ మారింది. హైమావతి చెప్పులు విడిచి ఇసుకలో నడిచి, కాలు కాలి మళ్లీ వేసుకుంది. ఆయన పాత పాట ఒకటి తీస్తే కొండ దాన్ని తిరిగి పాడింది, ఆమె కొండ గొంతే బాగుందంది. వాళ్లిద్దరూ అంతలా నవ్వుకోగా నేను ఏ ఆదివారమూ వినలేదు.

నీళ్ల సంగతికొస్తే, ఆగిన చోటల్లా హైమావతి కాళ్లూ చేతులూ ముఖమూ కడుక్కుంది. పొద్దుగూకేముందు బండ పక్కన మూడు రాళ్లు పెట్టి వంట చేసింది. బ్రెడ్డు ముక్కలతో ఒకపూట గడిపే మనుషులు కారు. బియ్యం రెండు నీళ్లు కడిగి పారబోసింది. అన్నం, చారు, తిన్నాక గిన్నెలు ఇసుకతో తోమి మళ్లీ నీళ్లతో కడగడం, కడిగినవాటిని ఇంకోసారి తొలవడం. ఎడారి లోయలో పెళ్లివంట శుభ్రత పాటించారు. ఓబులేసు అడ్డు చెప్పలేదు, ఎందుకంటే రేపు పొద్దునకల్లా మడుగు వస్తుంది. ట్రైనింగు రోజుల్లో వనభోజనాలకు వచ్చినప్పుడు ఆ మడుగులో ఆయన ఈత కొట్టాడు. నడుముకు పైగా నీళ్లు, తామరాకులు కూడా ఉన్నాయట. రెండు క్యాన్లూ ఆ సాయంత్రమే అడుగంటాయి. రాత్రి ఇసుకలో గుడారం వేసుకుని పడుకున్నారు.

పొద్దున మడుగు వచ్చింది. నెర్రెలు విచ్చిన బురద పెళ్లలూ, ఒక తెగిన చెప్పూ ఉన్నాయి. ఓబులేసు అంచున నిలబడిపోయాడు. వనభోజనాలు కార్తీకమాసంలో చేస్తారనీ, తామిప్పుడు వైశాఖంలో ఉన్నామనీ ఆయనకు అప్పుడు తట్టింది. బిత్తరపోయి హైమావతి వైపు చూశాడు. ఆమె అన్నం పళ్లెం తీసి ఇసుకలో చెలమ తవ్వడం మొదలుపెట్టింది. ఇద్దరూ మోచేతిలోతు తవ్వారు. తడి ఇసుక తగిలింది గానీ నీళ్లు ఊరలేదు. తిరిగి వెనక్కి పోదామన్నా, ముందుకు పోదామన్నా ఒకటే దూరం. ముందుకైతే ఊరుంది. అప్పుడు ఇద్దరూ కలిసి నా వైపు చూశారు. తలుపుకు అడ్డం పెట్టిన ఇన్నేళ్లలో ఒక్కరూ నన్ను అలా చూడలేదు.

"నువ్వు తాగు ముందు" అన్నాడాయన.

"ఈ గాలికి ధార చిందిపోతాది. ఆ బండ మరుగుకు పోయి తాగొస్తా."

బండ వెనక్కి నన్ను తీసుకుపోయింది. మర తిప్పింది. నా మర కిర్రుమంటుంది, అది ఇవతలికి వినిపిస్తుంది. నాలుగు గుక్కలు మింగినంతసేపు ఆగింది. వేలు తడిచేసుకుని గడ్డానికి రాసుకుంది. మళ్లీ మూత బిగించి, మూతి తుడుచుకుంటూ వచ్చింది. "బాగా తాగినా. చల్లగా ఉండాయి. నువ్వూ పో" అంది.

ఆయన పోయాడు. మర తిప్పాడు. నన్ను ఎత్తిపట్టుకుని ఒకసారి ఆకాశం వంక చూశాడు. రెండు చుక్కలు చొక్కామీద చిలకరించుకుని, మూత బిగించి, గట్టిగా గొంతు సవరించుకుంటూ ఇవతలికొచ్చాడు. "చొక్కా తడుపుకున్నా సూడు, తొందరలో" అన్నాడు.

లోయ ప్రతి మలుపులోనూ ఇదే జరిగింది. నీడ దొరికినప్పుడల్లా మరుగుకు ఆమె ఒకసారి, ఆయన ఒకసారి. మర కిర్రుమనేది, గొంతు సవరింపు వినిపించేది. నాలోంచి బయటికి పోయినవల్లా గడ్డానికి రాసుకున్నవీ చొక్కామీద చల్లుకున్నవీ. తాగినందుకు సాక్ష్యం చూపించడానికి తప్ప వాళ్లు నా నీళ్లు దేనికీ వాడలేదు. ఎత్తి చూస్తే బరువు తెలిసేదే, కానీ వీరాచారి దళసరి రేకు వేశాడు గదా. ఎవరికి వారు, అవతలి మనిషి తాగుతున్నారు, తమకు అదే చాలు అని ధైర్యం తెచ్చుకుని నడుస్తున్నారు. నేను ఇద్దరి మధ్యా నిండుగా ఊగుతూ పోతున్నాను. నాకు నోరున్నది నీళ్లు పోసుకోవడానికే గానీ మాట్లాడటానికి కాదు. ఆ రోజు దానికి నాకు ఏడుపొచ్చింది.

ఎండ నెత్తికెక్కేసరికి హైమావతి మాట తడబడింది. బండను పట్టుకుని నడిచింది. ఓబులేసు అడుగు కురచైంది, ఎడమచెయ్యి నడుం మీదనుంచి తీయడం లేదు. ఒక పెద్ద బండ కింద చారెడు నీడ ఉంటే అక్కడ కూలబడ్డాడు. సంచి దించలేకపోయాడు. ముఖం పాలిపోయింది. ఇక లేవలేడని నాకు తెలిసింది, ఆమెకూ తెలిసింది.

హైమావతి నన్ను ఆయన సంచిలోంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఊరుదాకా ఈ మనిషిని నడిపించడానికి అడుగున ఎన్ని మిగిలాయో చూసుకోవాలి. మూత తియ్యలేదు. తెలియకుండానే వేలు మడిచి, కణుపుతో నన్ను అడుగున తట్టింది. మొద్దుగా పలికాను. కొంచెం పైన తట్టింది. మొద్దుగానే పలికాను. నడుం దగ్గర తట్టింది, భుజం దగ్గర తట్టింది. మెడదాకా వచ్చినా ఖంగుమనలేదు. ఆమె చెయ్యి ఆగిపోయింది. నేను చెప్పగలిగింది అంతే, దాన్ని నేను చెప్పేశాను.

"బావా. నువ్వు తాగినావా?"

"తాగినా గదా. చొక్కా తడిసింది సూడలేదా?"

"చొక్కా తాగిందా, నువ్వు తాగినావా?"

ఓబులేసు కళ్లు తెరిచి, ఆమె ఒళ్లో ఉన్న నన్ను చూశాడు. అంత నొప్పిలోనూ ఆయనకు బడి గుర్తొచ్చినట్టుంది.

"నువ్వు తాగినావా మరి?"

"తాగినా."

"ఇద్దరం తాగినాక చెంబు నిండుగా ఉండాదంటే, లెక్కల టీచరువి, నువ్వే చెప్పల్ల."

హైమావతికి ఏడవాలన్నా కళ్లలో నీళ్లు లేవు, ఉత్తగొంతే ఏడ్చింది. "ఇన్నేండ్లు ఆదివారాలే కాపురం చేస్తిమి. సోమవారం నుంచి శనివారం దాకా కూడా నీతో ఉండాలనే గదా ఆ ఆఫీసుల సుట్టూ తిరిగింది. ఇప్పుడు నువ్వు ఈ బండకింద పడిపోతే నేను యాడికి పోయేది?" అంది.

"పోయినేడు ఆసుపత్రిలో నిన్ను బల్లమీద పండబెట్టినారు. నేను వచ్చేసరికి నన్ను గుర్తుపట్టలేదు నువ్వు" అన్నాడాయన. "ఇంగోసారి అది సూడలేను. రాయి నొప్పి దానికంటే మేలు."

"అబద్ధాలకోరువి."

"నువ్వు మాత్రం?"

ఇద్దరూ ఒకరినొకరు కోపంగా చూసుకున్నారు. పెళ్లయిన నాటినుంచీ ఆదివారం పాడవుతుందని వాయిదా వేసుకున్న పోట్లాటలన్నీ ఆ చారెడు నీడలో ఒక్కసారిగా తీరిపోయాయి. తర్వాత ఆమె మూత తిప్పింది.

ఆయన తల వెనక్కి వాల్చాడు. ఆమె నన్ను జానెడు ఎత్తున పట్టుకుంది, అశ్వత్థమ్మ నేర్పినట్టే. నా బరువుకు మణికట్టు వాలింది. ధార మీసాల మీద పడి, గడ్డం మీదుగా ఇసుకలోకి పోయింది. ఇసుక ఒక్క క్షణంలో తాగేసింది. ఆమె మళ్లీ ఎత్తింది. మళ్లీ చెవి పక్కనుంచి పోయాయి. మూడోసారి ఎత్తబోయి ఆగింది. పైకి, కొండ అంచుల మధ్య కనిపించే ఆకాశం వైపు చూసింది.

"జేజీ, కండ్లు మూసుకో" అని, నా అంచును ఆయన పెదవులకు ఆనించింది.

కాశీ వెళ్లి వచ్చినదాన్ని. గంగలో మునిగినదాన్ని. రైల్లో ప్రాణం పోతుందన్నా దోసిట్లో పోసినదాన్నే గానీ ఒకరి మూతికి అందినదాన్ని కాదు. ఆ పెదవులు పగిలి ఉన్నాయి, ఇసుక అంటుకుని ఉంది, జ్వరం వచ్చినంత వేడిగా ఉన్నాయి. నన్ను గట్టిగా పట్టుకున్నాయి. చుక్క కూడా చిందలేదు. సిగ్గుపడాల్సింది. పడలేదు. ఆయన గొంతు కదులుతుంటే నాలో నీళ్లు ఒక్కో గుక్కా తగ్గుతుంటే, నన్ను చేసింది ఇందుకేగదా అనిపించింది.

ఓబులేసు నన్ను ఆమె చేతికే తోశాడు. ఆమె చున్నీ కొసతో అంచు తుడవబోయింది.

"తుడవాకు. నా ఎంగిలే గదా" అన్నాడు.

ఆమె తుడవలేదు. ఆయన పెదవులు ఆనించిన చోటనే తన పెదవులు ఆనించి తాగింది. ఇద్దరూ చెరి కొంచెం తాగి, బండ నీడ పెరిగేదాకా పడుకుని, మిగిలింది చెరి కొంచెం తాగి లేచారు. గుడారం, గిన్నెలు, బియ్యం అక్కడే వదిలేశారు. నన్ను వదలలేదు. ఆయన్ని ఆమె పట్టుకుంది, నన్ను ఆయన పట్టుకున్నాడు.

పొద్దువాలుతుండగా గండిమిట్ట చేరారు. ఖాసీం ఆటోలో కాళ్లు బయటికి పెట్టి నిద్రపోతున్నాడు. లేచి వాళ్ల వాలకం చూసి గాబరాగా, "నీళ్లు సరిపోయినాయా మేడం?" అన్నాడు.

"సరిపోయినాయి" అంది హైమావతి. అని నేరుగా బోరింగు దగ్గరికి నడిచింది.

ఇది జరిగి కొన్నేళ్లయింది. ఇప్పుడు తలుపుకు ఒక రాయి పెట్టారు, నేను వంటింటి గట్టు మీద ఉన్నాను. చుట్టాలొస్తే నాలో నీళ్లు గ్లాసుల్లోకి వంచుతారు, వీళ్లిద్దరూ ఎత్తి పోసుకునే తాగుతారు, అది చూసి చుట్టాలు అశ్వత్థమ్మ మనవడూ మనవరాలూ ఎంత పద్ధతైన వాళ్లో అని మెచ్చుకుంటారు. చుట్టాలు వెళ్లాక సంగతి మనకెందుకు. నా అంచున ఒకచోట మాత్రం మెరుగు తగ్గింది. స్టీలు గ్లాసులు దాన్ని చూసి ఏమనుకుంటున్నాయో తెలియదు. ఇప్పుడు నేనే వాటిని పలకరిస్తున్నాను.

రోజూ సాయంత్రం ఇద్దరూ బడి నుంచి వస్తారు, సోమవారం కూడా, బుధవారం కూడా. హైమావతి సంచి దించి, ముందు నా దగ్గరికి వస్తుంది. "పొద్దున పెట్టిన నీళ్లు తాగినావా బావా?" అని గదిలోకి కేకేస్తుంది. "తాగినా" అని ఆయన లోపల్నుంచి అంటాడు. ఆమె ఆ మాట నమ్మదు. వేలు మడిచి నన్ను కిందినుంచి పైకి తట్టుకుంటూ వస్తుంది. ఆమె పెరట్లోకి పోయినప్పుడు ఆయన చప్పుడు కాకుండా వచ్చి, ఆమె తాగిందో లేదో అని తట్టి చూస్తాడు. వాళ్లిద్దరూ ఒకరి కోసం ఒకరు ఇప్పటికీ అబద్ధాలాడతారు. నేను ఎవరు తట్టినా ఉన్నదే చెబుతాను.